మా డీన్ సారు స్మారక సంచిక: ఎట్లా తెచ్చాం, ఎక్కడెక్కడ తప్పులు పోయాయి

మొదటి రెండు నెలల్లో మాకు అందిన 31 వ్యాసాల్లో ‘అజాతశత్రువు’ అనే మాట 22 చోట్ల ఉంది. ‘నిగర్వి’ 17 చోట్ల. ‘ఆయన లేని లోటు తీర్చలేనిది’ అని ముగిసినవి 14. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ డీన్ సారును ఎన్నడూ చూడని మనిషి ఈ 31 వ్యాసాలూ వరసగా చదివినా, ఆయన మాట ఎట్లా ఉండేదో, విద్యార్థి రాసుకొచ్చిన అధ్యాయాన్ని ఎన్ని రోజుల్లో తిరిగి ఇచ్చేవారో, దేనికి ఒప్పుకునేవారు కాదో ఒక్కటీ తెలియదు. సారు పేరు కొట్టేసి ఇంకొక ఆచార్యుల పేరు రాసినా ఏ వ్యాసానికీ ఇబ్బంది లేదు. పెళ్లిపత్రికలో పేర్లు మార్చినట్టే.

అందుకని ఆ విడత పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. మొత్తం పదమూడు నెలలు పట్టింది. తమ గురువుగారికి ఇట్లాంటి పుస్తకం తేవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, చేసిన పనీ పడిన పొరపాట్లూ రాస్తున్నాం.

సారు వృక్షశాస్త్ర ఆచార్యులు. తిరుపతిలోనే ముప్పై మూడేళ్లు పాఠం చెప్పి, చివరి మూడేళ్లు డీన్‌గా చేసి 2009లో పదవీ విరమణ చేశారు. శేషాచలం కొండల్లో ఆయన తిరగని కోన లేదని పాత విద్యార్థులు అంటారు. ఆయన ఫీల్డ్ నోటుబుక్కులు చూశాక అది పెద్ద అతిశయోక్తేం కాదనిపించింది. పని మీద కూర్చున్నది ఐదుగురం: ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లు ఇద్దరు, డీన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినాయన, తెలుగు శాఖలో పనిచేసిన ఆవిడ, లెక్కలు చూసే అతను. అంతకంటే ఎక్కువమందిని పెట్టుకోవద్దు. సంపాదకవర్గం అని ఇరవై పేర్లు అచ్చు వేసుకోవచ్చు, ప్రూఫు దిద్దేది ఎట్లాగూ ఇద్దరే.

మొదటి ఉత్తరంలో ‘సారుతో మీ అనుబంధం గురించి రాయండి’ అని అడిగాం. తప్పు మాదే. అట్లా అడిగితే ఎవరైనా అనుబంధం గురించే రాస్తారు. రెండోసారి ఐదు ప్రశ్నలు పంపాం. సారు మీ రాతలో దిద్దిన తప్పు ఒకటి చెప్పండి. మిమ్మల్ని ఏమని పిలిచేవారు? మీరు అడిగినదానికి ఎప్పుడైనా కాదన్నారా, ఎందుకు? ఆయన చేతిరాత ఉన్న కాయితం ఏదైనా మీ దగ్గర ఉందా? ఆయనతో అడవికి పోయింటే ఎక్కడికి, ఏ నెలలో? 600 మాటలు దాటొద్దనీ, విశేషణాలు మేం కత్తిరిస్తామనీ ముందే చెప్పాం. ఆ చివరి మాటకు ఇద్దరు అలిగారు. ఒకరు తర్వాత మనసు మార్చుకుని రాశారు.

అన్నింటికన్నా బాగా పనిచేసింది మూడో ప్రశ్న. మంచివాడని ఊరంతా అనే మనిషి గురించి ‘ఎప్పుడు కాదన్నారు’ అని అడిగితే ఆ మంచితనం ఎంతవరకు పోయేదో, ఎక్కడ ఆగేదో తెలుస్తుంది. హాజరు 75 శాతం లేకపోతే సంతకం పెట్టేవారు కాదని ఆరుగురు రాశారు. వాళ్లలో ఒకరు సారు సొంత అన్నగారి కొడుకు. తాను భాష మాత్రమే దిద్దిన పరిశోధన పత్రాల మీద తన పేరు ఉంటే కొట్టేసి పంపేవారని నలుగురు రాశారు. ఆ నలుగురూ వేర్వేరు సంవత్సరాల వాళ్లు, ఒకరికొకరు తెలియదు. వేర్వేరు నోళ్ల నుంచి ఒకే సంగతి వస్తే అది ఆయన స్వభావమని తీసుకుని సంచికలో ఒక్కచోటే పెట్టాం. మిగతా ముగ్గురి వ్యాసాల్లో ఆ భాగం తీసేశాం. లేకపోతే చదివేవాడికి విసుగు.

సూపరింటెండెంటు గారు ఇచ్చిన వస్తువు ఒకటి ఈ సంచికకు ప్రాణం. అరచేతిలో పట్టే, గీతల్లేని చిన్న పుస్తకం. డీన్ సంతకం కావాల్సిన కాయితం మామూలుగా ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కి, సెక్షను దాటి, బల్ల మీదికి రావాలి. ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రోజు పడుతుంది. కుప్పం నుంచో మదనపల్లె నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పిల్లవాడికి ‘రేపు రా’ అంటే ఇంకొక రోజు కూలి పోయినట్టు, ఇంకొకసారి చార్జీలు పెట్టుకున్నట్టు. సారు డీన్ సీలునూ ఊదారంగు ఇంకుప్యాడు రేకుడబ్బానూ గుడ్డసంచిలో పెట్టుకుని తిరిగేవారు. వరండాలో ఎదురైతే వరండాలోనే, సైకిల్ స్టాండు దగ్గరైతే అక్కడే, కాయితాన్ని గోడకు ఆనించి ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి సీలు వేసేవారు. వేసిన ప్రతిదీ ఈ చిన్న పుస్తకంలో రాసుకునేవారు: వరస నెంబరు, పేరు, ఊరు, ఏ కాయితం. మధ్యాహ్నం పుస్తకం ఆఫీసుకు చేరేది, రిజిస్టరులో ఎక్కేది. నిబంధన చెడలేదు, పిల్లవాడికి బస్సూ తప్పలేదు. సారు దయ వల్ల తనకు రోజూ అరగంట అదనపు పని పడేదని సూపరింటెండెంటు గారు ఇప్పటికీ సణుగుతూనే చెబుతారు. ఒక రోజు పేజీలో 14 పద్దులున్నాయి, అందులో తొమ్మిది తిరుపతి బయటి ఊళ్లు. ఆ పేజీని అసలు కొలతలోనే, మరకలతో సహా 3వ పేజీలో వేశాం. ముందు అక్కడ వేద్దామనుకున్నది శాలువా కప్పిన ఫోటో.

రాయలేనివాళ్లు వేరు, రాయడానికి కూర్చోనివాళ్లు వేరు. రెండో రకంవాళ్ల దగ్గర వాట్సాప్ వాయిస్ తీసుకోండి. ల్యాబు అటెండరు, హాస్టలు వంటాయన, మామండూరు వైపు దారి చూపిన ఫారెస్టు వాచరు ఇట్లా చెప్పినవాళ్లే. పది నిమిషాల మాట కాయితం మీద పెట్టడానికి గంటకు తక్కువ పట్టదు. ఇక్కడ పడే తప్పు టైపిస్టు దగ్గర పడుతుంది. ‘పొద్దన్నే వచ్చేస్తా ఉణ్ణ్యాడు సారు’ అని అటెండరు అంటే, టైపింగులో అది ‘సారు ఉదయమే విచ్చేసేవారు’ అయి కూర్చుంది. మా చిత్తూరు మాట పోయి సన్మానపత్రం వచ్చిందన్నమాట. మొత్తం వాయిస్‌లు మళ్లీ విని మాటకు మాట పెట్టించాం. టైపు చేసేవాళ్లకు మొదటే చెప్పాల్సింది: వ్యాకరణం దిద్దొద్దు, ఆగిన చోట చుక్కలు పెట్టు, అర్థం కాకపోతే ఖాళీ వదులు.

దీంట్లోనే ఇంకొక చిక్కు. చంద్రగిరి హైస్కూల్లో సారుతో చదివిన ఆయన వ్యాసమంతా ‘వాడు’ అనే రాశారు. అది అగౌరవమని, ‘ఆయన’ చేయాలని ఇద్దరు పట్టుబట్టారు. డెబ్భై ఏళ్ల స్నేహితుడు వాడు అనకపోతే ఇంకెవరంటారు? మేడం, అంటే సారు భార్య, చదివి అట్లాగే వేయమన్నారు. అక్కడితో గొడవ తెగింది. మిగతా వ్యాసాల్లో ‘గారు’ మొదటి ప్రస్తావనకు ఒకసారి, తర్వాత ‘సారు’ అని ఒకే పద్ధతి పెట్టుకున్నాం. పేరుకు ముందు కీర్తిశేషులు అని ప్రతిచోటా తగిలించడం మానేశాం.

కుటుంబం అనుమతి నోటిమాటగా తీసుకోవద్దు. ఉత్తరాల సంగతిలో చాలామందికి తెలియనిది: సారు మీకు రాసిన ఉత్తరం కాయితం మీది, అందులోని రాత హక్కు ఆయనది, ఆయన తర్వాత వారసులది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రాతకు ఆ హక్కు అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్ల దాకా ఉంటుంది. అందుకే ఉత్తరాలు, నోటుబుక్కులు, ఫోటోలు వేసుకోవచ్చని మేడం, ఇద్దరు పిల్లలు సంతకం చేసిన ఒక పేజీ కాయితం ముందే తీసుకున్నాం. ఉత్తరాల్లో మూడో మనిషి జబ్బులూ అప్పులూ ఉన్న వాక్యాలు తీసేసి, తీసిన చోట చుక్కలు పెట్టాం.

జీవితవిశేషాల పట్టిక రెండు పేజీలే, దానికి పట్టింది రెండు నెలలు. మొదటి వరుసలోనే ఆగిపోయాం. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ 1-7-1949. ఇంట్లో జాతకం చూస్తే ఖర నామ సంవత్సరం, కార్తీకమాసం. ఖర అంటే 1951-52, కార్తీకం కాబట్టి 1951 చివర. రెండేళ్లకు పైగా తేడా. ఆ తరంవాళ్లలో ఇది మామూలే, పరీక్షకు కావాల్సిన వయసు కోసం బడిలో అయ్యవారు జులై ఒకటో జూన్ ఒకటో వేసేవారు. సంవత్సరం పేరు దొరికితే లెక్క తేల్చడం తేలిక, 60 ఏళ్లకు ఒకసారే తిరిగి వస్తుంది కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. పట్టికలో రికార్డు తేదీ వేసి, కుటుంబం చెప్పేది పక్కన వేశాం. ఒక పాఠకుడు 1-7-1949న పుడితే 60 ఏళ్లకు 30-6-2009న విరమణ ఎట్లా అని రాశారు. నెల ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజే దిగిపోవాలి, అది సర్వీసు నిబంధన. జిల్లా పేరు ఇంకొక తకరారు. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా వేరు. పుట్టిన ఊరికి మాత్రం అప్పటి పేరే, చిత్తూరు జిల్లా అనే ఉంచాం.

ఆయన దగ్గర డాక్టరేట్ చేసినవాళ్ల జాబితా జ్ఞాపకం మీద రాయకండి. ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్య చెబుతారు. లైబ్రరీలో సిద్ధాంత గ్రంథం తీసి, అందులో గైడు సర్టిఫికెట్ పేజీ చూస్తేనే లెక్క. కొత్తవి శోధ్‌గంగ అనే సిద్ధాంత గ్రంథాల వెబ్‌సైటులో దొరుకుతాయి, పాతవాటికి బీరువాలే గతి. పేర్లు ఏ వరసలో అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఇంటిపేరు అక్షరక్రమమా, సొంతపేరా? ఒకరు ‘యస్’ అని రాస్తారు, ఒకరు ‘ఎస్’ అని. అక్షరక్రమం పెడితే ఒకే ఇంటివాళ్లు రెండు చివర్లకు పోతారు. మేం పట్టా వచ్చిన సంవత్సరం ప్రకారం పెట్టాం, పేచీ లేదు.

ఇక నోటుబుక్కులు. మేడం చూపించిన ఇనుప ట్రంకుపెట్టెలో 44 ఉన్నాయి. అట్టల మీద సారు వేసిన నెంబర్లు 1 నుంచి 45 దాకా. 17 లేదు. అడుగున ఉన్న 3, 4 నెంబర్ల పుస్తకాలు చెమ్మకు అతుక్కున్నాయి, కొన్ని అట్టల జిగురును సిల్వర్ ఫిష్ పురుగు తినేసింది. ఇట్లాంటివాటిని ఎండలో పెట్టొద్దు, కాయితం పెళుసెక్కి విరుగుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పుస్తకాన్ని కొంచెం విచ్చి నిలబెట్టి నాలుగైదు రోజులు వదిలితే చాలావరకు పేజీలు వాటంతటవే విడివడతాయి. విడివడనివాటిని గోటితో లాగొద్దు, అట్లా లాగి రెండు పేజీలు పోగొట్టాం. స్కానరు గాజు మీద బోర్లా పెట్టి నొక్కితే వీపు విరుగుతుంది. ఫోనును స్టాండుకు బిగించి, రెండువైపుల నుంచి 45 డిగ్రీల వాలులో రెండు దీపాలు పెట్టి తీస్తే నీడ పడదు, పుస్తకానికి నొప్పి ఉండదు.

ప్రతి పేజీలో ఆరు గడులు. సేకరణ నెంబరు, తేదీ, చోటు, చెట్టు ఎత్తు, పువ్వు రంగు, స్థానిక నామం. పువ్వు రంగు అక్కడికక్కడే రాయాలి, ఎందుకంటే ఒత్తి ఆరబెట్టాక తెలుపో పసుపో ఊదానో అన్నీ ఒకే గోధుమరంగు. ఇవి ఏ వృక్షశాస్త్రజ్ఞుడైనా రాసేవే. సారు స్కేలుతో గీసి కలుపుకున్న ఏడో గడి ఒకటుంది: ‘చెప్పినవారు’. చెట్టు పేరు మొగి అని చెప్పింది ఎవరు, తెల్లకరక అని చెప్పింది ఎవరు, ఆ మనిషి పేరూ ఊరూ. గొర్రెలు మేపేవాళ్లు, యానాదులు, తలకోన దారిలో టీ కొట్టాయన. ముప్పై మూడేళ్లూ ఆ గడి ఎక్కడా ఖాళీ లేదు. ఎవరూ చెప్పని చోట ‘నేను’ అని రాసుకున్నారు. ఆయన గురించి 31 వ్యాసాలు చెప్పలేని సంగతి ఈ గడి చెప్పింది. అందుకే ఆ పేర్లన్నీ ఏరి, నాలుగు పేజీల జాబితా చేసి సంచిక చివర వేశాం.

హెర్బేరియం షీట్లు (ఆరబెట్టిన మొక్కను కుట్టి ఉంచే కాయితాలు) ఫోటో తీసేటప్పుడు ఒక హెచ్చరిక. షీటు కొలత దాదాపు 42×28 సెంటీమీటర్లు, కుడివైపు కింది మూల లేబులు. పాత రోజుల్లో పురుగు పట్టకుండా మొక్కను మెర్క్యూరిక్ క్లోరైడ్ కలిపిన ఆల్కహాలులో ముంచేవాళ్లు. అది విషం, దశాబ్దాలు గడిచినా షీటు మీద ఉంటుంది. చేతులకు నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోవాలి, అక్కడ టీ తాగకూడదు, షీటు తలకిందులు చేయకూడదు. కొన్ని మొక్కలు ఇంకా షీటుకు కుట్టకుండా పాత న్యూస్‌పేపర్ మడతల్లోనే ఉన్నాయి. ఆ పేపర్ల తేదీలే మాకు మూడు ప్రయాణాల తేదీలు తేల్చాయి. మొక్క కోసినప్పుడు వాడింది ముందురోజు పేపరో అంతకుముందు వారం పేపరో అయ్యుంటుంది కదా, నోటుబుక్కుతో కలిపి చూస్తే సరిపోయింది.

మొక్కల పేర్ల దగ్గరే సంచికలో ఘోరమైన తప్పు దొర్లబోయింది. శాస్త్రీయ నామం రెండు మాటలూ వాలు అక్షరాల్లో ఉండాలి, ఆ తర్వాత పేరు పెట్టినవారి సంకేతం నిలువు అక్షరాల్లో. ఎర్రచందనం టెరోకార్పస్ సాంటాలినస్. దానివెనక ఎల్, ఎఫ్ అని రెండక్షరాలు చుక్కలతో ఉంటాయి. ఎల్ ఒక్కటే ఉంటే స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్. ఎఫ్ కూడా ఉంటే ఆయన కొడుకు, ఎఫ్ అంటే లాటిన్‌లో కుమారుడు. రెండో ప్రూఫులో ఎవరో అది అచ్చుతప్పు అనుకుని ఎఫ్ తీసేశారు. కొడుకు పని తండ్రి ఖాతాలో పడింది. సారు పెన్సిల్‌తో దిద్దిన ఒక పాత సిద్ధాంత గ్రంథం చిత్తుప్రతి మా ముందే ఉంది, అందులో ఆయన ఇదే అక్షరానికి సున్న చుట్టి, మార్జిన్‌లో ‘ఇక్కడ నాయన లేడు, కొడుకు ఉన్నాడు’ అని రాశారు. ఎర్ర ఇంకు ఎన్నడూ వాడలేదు. పెన్సిలైతే విద్యార్థి తనకు నచ్చకపోతే చెరుపుకోవచ్చని ఆయన లెక్క. దిద్దిన కాయితం మూడో రోజుకల్లా తిరిగి వచ్చేదని 11 మంది రాశారు. ఆ మార్జిన్‌ను అట్లాగే ఫోటో తీసి వేశాం.

టైపింగు సంగతి విడిగా చెప్పాలి. వ్యాసాలు ఫోన్లలోంచి యూనికోడ్‌లో వచ్చాయి. డీటీపీ ఆపరేటరు పనిచేసేది అను ఫాంటుల్లో, పాత పేజ్‌మేకర్‌లో. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారిస్తే ఒత్తులు పక్క అక్షరం కిందికి జారతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మొక్కల పేర్లు తెలుగు ముక్కలై అర్థం లేకుండా పోతాయి. కారణం ఏమంటే అను ఫాంటులో తెలుగు ముక్కలు కూర్చునేది ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే. కంప్యూటరుకు తెలుగనీ ఇంగ్లీషనీ తేడా తెలియదు. సగం పుస్తకం అయ్యాక ఆపి ఇన్‌డిజైన్‌కు, యూనికోడ్ ఫాంటుకు మారాం. అందులోనూ పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఈ మార్పుకు మూడు వారాలు పోయాయి. మొదటే చేసుంటే రెండు రోజుల పని.

ఫోటోలకు ఒకే మాట: వాట్సాప్‌లో ఫోటోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపమనండి. మాకు ఫోటోగా వచ్చినది పొడుగువైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి దిగిపోయింది. అచ్చుకు అంగుళానికి 300 కావాలి కాబట్టి 13.5 సెంటీమీటర్ల వరకే పనికొస్తుంది, నలభైమంది ఉన్న గ్రూపు ఫోటోలో మొహాలు మసక. ప్రింటే ఉంటే 600లో స్కాన్ చేస్తే రెండింతలకు పెంచుకోవచ్చు. పాస్‌పోర్టు ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, పుస్తకంలో 70 దాకా వస్తుంది. జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోయిన ఫోటోలను పళ్ల మధ్య వాడే ఫ్లాస్ దారంతో వెనకనుంచి కోసుకుంటూ పోతే చిరగవు. గ్రూపు ఫోటో కింద పేర్లకు, పైన బటర్ పేపరు పరిచి తలల చుట్టూ గీసి నెంబర్లు వేసి, ఆ కాయితం ముగ్గురికి విడివిడిగా పంపాం. ముగ్గురూ ఒకే పేరు చెబితేనే వేశాం. 1984 బ్యాచి ఫోటోలో రెండు తలలకు పేర్లు కుదరలేదు, ఖాళీ వదిలాం.

కాయితం లెక్క. డెమీ 1/8 సైజు, 208 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు సరిగ్గా 13. పేజీలు 211 వచ్చినప్పుడు ఒక వ్యాసం తీసేయడం కంటే అన్నింటిలో తలా నాలుగు వాక్యాలు తగ్గించడం మేలు. 23×36 అంగుళాల షీటుకు 32 పేజీలు, కాపీకి ఆరున్నర షీట్లు, 500 కాపీలకు 3250. రీముకు 500 షీట్లు, తరుగుతో కలిపి ఏడు రీములు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లితో కాయితం. రంగు పేజీలు ఎనిమిది, 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు. జిగురు బైండింగు చవక, కానీ మన ఎండలకు రెండేళ్లలో పేజీలు ఊడతాయి. దారంతో కుట్టించాం. అన్నీ కలిపి కాపీకి 150 రూపాయల దాకా పడింది. 200 కాపీలే చాలనుకుంటే ఆఫ్‌సెట్ వద్దు, డిజిటల్ ప్రింటే మేలు. పుస్తకానికి గుర్తింపు నెంబరు, ఐఎస్‌బీఎన్, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ నుంచి ఉచితంగానే వస్తుంది, అప్లికేషన్ మాత్రం అచ్చుకు రెండు నెలల ముందే పెట్టుకోండి.

డబ్బు మొదట ఒకరి ఫోన్‌పేకు వేయించుకున్నాం. మూడు వారాల్లో ఎవరు దేనికి వేశారో, సొంత డబ్బు ఏదో తెలియకుండా పోయింది. వెంటనే ముగ్గురి పేరిట ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదిలేట్టు చేశాం. పుస్తకం ఖర్చు పోను మిగిలినదానికి ఇంకొంత చేర్చి ఐదు లక్షలు చేసి విశ్వవిద్యాలయానికి నిధిగా ఇచ్చాం. బంగారు పతకం పెడదామన్నవాళ్లే ఎక్కువ. ఆరున్నర శాతం మీద ఏడాదికి 32,500 వస్తుంది. బంగారం ధర పెరుగుతూ పోతే వడ్డీ పెరగదు. కొన్నేళ్లకు అది పూతపతకం అవుతుంది. బదులుగా ఇద్దరు విద్యార్థుల ఫీల్డ్ ట్రిప్పు ఖర్చు అని దస్తావేజులో రాయించాం. అటవీశాఖ అనుమతి విద్యార్థే తెచ్చుకోవాలని, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం హద్దుల్లో అనుమతి లేకుండా ఆకు కూడా కోయరాదని ఒక షరతు. విరాళాల సంగతి ఒక మాట: రెండు వేలు దాటిన నగదుకు దాతకు ఆదాయపన్ను మినహాయింపు రాదు, చెక్కో బ్యాంకు బదిలీయో అడగండి.

ఆవిష్కరణ తేదీ దగ్గర అందరూ తికమక పడతారు. సారు పోయింది 2023 ఫిబ్రవరి, మాఘ బహుళం. సంవత్సరీకం తిథిని బట్టి. మామూలు ఏడాదిలో అదే తిథి పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది. 2023లో అధిక శ్రావణం పడింది కాబట్టి 19 రోజులు వెనక్కి పోయింది. శివరాత్రితో పోల్చుకోండి, 2023లో ఫిబ్రవరి 18, 2024లో మార్చి 8. ఇంట్లో కార్యక్రమం అయ్యాక వచ్చే ఆదివారం, మార్చి 17 పెట్టుకున్నాం. ముందురోజే ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ అమల్లోకి వచ్చింది. నాయకులెవర్నీ పిలవలేదు కాబట్టి కార్డు మార్చే పని పడలేదు, రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టలేదు కాబట్టి తీసే పనీ పడలేదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి దగ్గర్లో మాత్రం తిరుపతిలో ఇట్లాంటి సభ పెట్టుకోవద్దు, బయటివాళ్లకు గది దొరకదు. వచ్చేవాళ్లలో సగంమంది ఎట్లాగూ దర్శనం చేసుకునే పోతామంటారు, 300 రూపాయల టికెట్లు వాళ్లనే ముందుగా ఆన్‌లైన్లో చూసుకోమనండి. ఆ బాధ్యత నెత్తిన వేసుకుంటే సభ సంగతి మరిచిపోవాల్సిందే.

సభలో మాట్లాడింది ఎనిమిది మంది, తలా ఏడు నిమిషాలు. మొదట అటెండరును మాట్లాడించాం. పెద్దలు మాట్లాడాక ఆయన్ను పిలిస్తే బెదిరిపోతాడు.

తర్వాతి పని పుస్తకాలు పంచడం. గ్రంథాలయాలకు పుస్తకాలు పంపడం మీద ఉన్న 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క కాపీ సొంత ఖర్చుతో పంపాలి. చాలామంది పంపరు. వ్యాసం రాసినవాళ్లకు రెండేసి, వాయిస్ ఇచ్చినవాళ్లకు ఇంటికి తీసుకుపోయి ఇచ్చాం. ‘చెప్పినవారు’ జాబితాలో బతికున్నవాళ్లు ఏడుగురు దొరికారు, వాళ్లకూ అంతే. అచ్చయ్యాక 19 తప్పులు తేలాయి, తప్పొప్పుల చీటీ అచ్చు వేయించి ప్రతి కాపీలో పెట్టాం.

44 నోటుబుక్కులూ జాబితాతో శాఖ లైబ్రరీకి ఒప్పజెప్పి రసీదు తీసుకున్నాం. 45వ పుస్తకం వెనక అట్ట లోపలివైపు సారు అరువిచ్చిన వస్తువుల లెక్క పెన్సిల్‌తో ఉంది. తిరిగి వచ్చినవాటి మీద అడ్డగీత. ఒక వరుస మీద మాత్రం గీత లేదు: ‘17, సు., 8-96’. ఇచ్చిన పుస్తకం ఆయన నోటితో అడగరని అందరికీ తెలుసు. ఆ అట్టను సంచిక 201వ పేజీలో వేశాం. పేరు ‘సు’తో మొదలయ్యే విద్యార్థులు జాబితాలో నలుగురున్నారు, నలుగురికీ సంచిక చేరింది. శాఖ లైబ్రరీ బీరువాలో 16కూ 18కీ మధ్య ఒక అట్టముక్క నిలబెట్టి ఉంచారు.